రెండో గుడ్డు

3వ తేదీ, సోమవారం

పది పాయింట్ ఒకటి.

డాక్టరమ్మ ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాలి. వచ్చే నెల పదిహేనున అందరికీ మళ్ళీ రక్తపరీక్ష. పన్నెండు ఉన్నవాళ్ళ పేర్లే వార్డు శిక్షణ జాబితాలో ఉంటాయి. మిగతావాళ్ళు ఆరు నెలలు ఆగి తర్వాతి జట్టుతో వెళ్ళాలి. నాకు ఆ తర్వాత లేదు. ముప్పై ఆరు నిండేలోగా వార్డులో అడుగుపెట్టి ఉండాలని నిబంధన. నాకు వచ్చే నెల ఇరవై ఎనిమిదికి నిండుతాయి.

"సరిగ్గా తింటున్నావా?" అంది.

"తింటున్నానండి."

"ఏం తింటున్నావ్?"

పొద్దున టీ, రొట్టె. మధ్యాహ్నం టీ. రాత్రి అన్నం, ఉల్లిపాయ. ఇది ఒక డాక్టరుతో చెప్పుకునేది కాదు.

"పప్పులు, ఆకుకూరలు, గుడ్లు, లివర్. ఈ మాత్ర రోజూ ఒకటి. డబ్బుల్లేవని మాత్రం చెప్పకు. సినిమాలకుంటాయి మీకు."

సినిమా చూసి పదకొండేళ్ళయింది. ఆ పదకొండేళ్ళూ ఒక ఆసుపత్రిలో స్ట్రెచర్ తోశాను. అక్కడి విద్యార్థులు చించి పారేసిన పుస్తకాలు అతికించుకుని చదివి ఈ నర్సింగు సీటు తెచ్చుకున్నాను. తరగతిలో పిల్లలు నన్ను తాతగారు అంటారు.

తమ్ముడికి పన్నెండు పాయింట్ రెండు. గట్టెక్కాడు. తోడబుట్టినవాడు కాదు, గదిలో రెండో మంచం అతనిది. పందొమ్మిదేళ్ళు. మొదటిరోజే అన్నయ్యా అన్నాడు. ఇంకెలా పిలవను?

ఖర్చుల లెక్కలు రాసే పుస్తకాన్ని తిరగేసి చివరి పేజీ నుంచి ఇది రాస్తున్నాను. ముందువైపు లెక్కలు ఎప్పటిలాగే.


4వ తేదీ, మంగళవారం

తమ్ముడితో మాట్లాడాను. క్యాంటీన్‌లో అతనికి నెలకు పదిహేను వందలవుతోంది. ఇద్దరం చెరో తొమ్మిది వందలు వేసుకుంటే గదిలోనే అంతకంటే మంచి తిండి తినవచ్చని చెప్పాను.

"నాకు నీళ్ళు కాచడం కూడా రాదన్నయ్యా."

"కొనేది నేను, వండేది నేను. గిన్నెలు నీవి."

"నెలకి ఆరొందలు మిగుల్తాయా? మా అక్కకి తెలిస్తే మీ ఫొటో కట్టించి గోడకి పెట్టి దండేస్తుంది."

"బతికుండగా వద్దులే."

చాలాసేపు నవ్వాడు. వాళ్ళక్క యూనిఫారాలు కుట్టే కర్మాగారంలో పనిచేస్తుంది. అతని ఫీజు, తిండి, గది అద్దెలో సగం, అన్నీ ఆమె మిషన్ మీదనుంచే వస్తాయి. చేతిఖర్చులకు ఇతను రోజూ పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా సరుకుల దుకాణంలో పెట్టెలు మోస్తాడు. ఆదివారం సెలవు.

బిస్కెట్ల డబ్బా ఒకటి ఖాళీ చేసి పద్దెనిమిది వందలు అందులో పెట్టాం.


6వ తేదీ, గురువారం

రెండురోజులు గ్రంథాలయంలో కూర్చుని పట్టిక వేశాను. ఏ సరుకులో ఎంత ఇనుము ఉంది, దాని ధరెంత, పది రూపాయలు ఖర్చుపెడితే ఎంత ఇనుము వస్తుంది. లివర్ అన్నిటికంటే పైన. తర్వాత పప్పులు, వేరుశనగలు, ఆకుకూరలు. ఆపిల్‌పండు అట్టడుగున. రోగుల్ని చూడటానికి వచ్చేవాళ్ళంతా అవే ఎందుకు తెస్తారో.

ఇవాళ తెలిసినవి. బద్దలు విరిగిన పప్పు ధరలో నాలుగోవంతు తక్కువ, రుచిలో తేడా లేదు. ఒక్కడికి అరకిలో కొనేకంటే ఇద్దరికి ఐదుకిలోల సంచి కొంటే కిలోకి పదకొండు మిగులుతుంది. ఆకుకూరలు పొద్దున కొనకూడదు. మధ్యాహ్నం ఒంటిగంటకు అవి అమ్మే ఆవిడ గోనె మడుస్తుంది. అప్పుడు వెళ్ళాలి.

"ఏం నాయనా, వాడిపోయినవే కావాలా?" అంది ఆకుకూరలావిడ.

"నీళ్ళలో వేస్తే లేస్తాయి."

"నువ్వూ ఓసారి మునిగి చూడకపోయావా? అవే నయం, నీకంటే నిలబడ్డాయి. మూడు కట్టలు తీసుకుపో, రెండింటికే ఇయ్యి."

గుడ్ల దుకాణంలో ఇంకొకటి కనిపెట్టాను. బండి మీదనుంచి దించేటప్పుడు చిట్లిన గుడ్లు సగం ధరకు ఇచ్చేస్తారు. పొద్దున ఏడింటికి దొరుకుతాయి, ఆదివారం తప్ప. తెచ్చిన వెంటనే బాగా ఉడికించాలి, దాచకూడదు. ఈ దుకాణం సంగతి క్లాసులో ఎవరికీ చెప్పను.


9వ తేదీ, ఆదివారం

వారం ఖర్చు అనుకున్నదానికి ముప్పై తక్కువ. పుస్తకం తమ్ముడి ముందు పెట్టాను. తెరవలేదు. "మీరు రాశారంటే సరే అన్నయ్యా," అన్నాడు.


11వ తేదీ, మంగళవారం

చిట్లిన గుడ్లు రెండు తెచ్చాను. ఏడున్నరకు ఉడికాయి. తమ్ముడు దుకాణం నుంచి వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. చిట్లిన గుడ్డును అంతసేపు ఉంచడం మంచిది కాదు.

రెండూ తిన్నాను.


12వ తేదీ, బుధవారం

ఇవాళ కూడా రెండూ. లెక్కలో 'గుడ్లు 2' అని రాశాను. కొన్నవి రెండే.


13వ తేదీ, గురువారం

రెండూ.


18వ తేదీ, మంగళవారం

మాంసం కొట్టతను లివర్ పావుకిలో తూచాడు. వారం మధ్యలో ఎవరూ కొనరట, ధర సగం. "పిల్లికా?" అని అడిగాడు. అవునన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు.

గదిలో కిటికీ తెరిచిపెట్టి వండాను. వాసన పోవడానికి గంట పట్టింది. లివర్ వాసన చాలామందికి పడదు. తమ్ముడికీ పడకపోవచ్చు.

ఇందులో అన్యాయం ఏముందని ఆలోచించాను. అతనికి పన్నెండు ఉంది, నాకు లేదు. మందు రోగికే ఇస్తారు, పక్కమంచం మీద కూర్చున్నవాడికి సగం పంచరు. పైగా బజారుకు తిరిగేది నేను, వండేది నేను. వంటమనిషిని పెట్టుకుంటే జీతం ఇవ్వాలి కదా.

లెక్కలో 'ఇతరములు' అని రాశాను.


20వ తేదీ, గురువారం

మధ్యాహ్నం ఇద్దరం కలిసి తిన్నాం. అన్నం, పప్పు, పాలకూర. తమ్ముడు కంచం ఊడ్చినట్టు తిన్నాడు.

"ఇంకొంచెం పప్పుందా అన్నయ్యా?"

"రాత్రికి ఉంచాను."

"సరే అయితే, రాత్రికే."

మంచినీళ్ళు రెండు గ్లాసులు తాగి లేచాడు. బస్సు కూడా మానేశాడు, కాలేజీకి నడిచే వస్తున్నాడు. నన్ను చూసి పొదుపు నేర్చుకున్నానని క్లాసులో అందరికీ చెబుతున్నాడు.


24వ తేదీ, సోమవారం

మూడో అంతస్తు ఆగకుండా ఎక్కాను. పైకి వెళ్ళాక గోడ పట్టుకోలేదు.


28వ తేదీ, శుక్రవారం

రాత్రి భోజనం దగ్గర తమ్ముడు వాళ్ళింటి సంగతులు చెప్పాడు. అతను చెబుతూనే ఉంటాడు, నేను వింటాను.

"మా అక్క జీతం రోజున లివర్ తెచ్చేదన్నయ్యా. మిరియాలేసి వేయించేది. తను రెండు ముక్కలు తిని, నాకిది వాసనరా అని గిన్నె మొత్తం నా కంచంలో బోర్లించేది. పెద్దయ్యేదాకా నిజమే అనుకున్నా. దానికీ అదంటే ప్రాణమట, మొన్నీమధ్య నోరు జారింది." మళ్ళీ తనే అన్నాడు, "మనమూ ఓసారి తెచ్చుకుందామా? ఖరీదు ఎక్కువేమోలెండి."

"చూద్దాం," అన్నాను.

పొద్దున పావుకిలో తిన్నాను. నాలుగోసారి.

రేపటి నుంచి ఒక గుడ్డు ఉంచాలి.


29వ తేదీ, శనివారం

ఒకటి ఉంచాను. గిన్నె మూతపెట్టి పుస్తకం ముందేసుకున్నాను. ఎనిమిదైంది. ఎనిమిదింపావు. చదివినది తలకెక్కలేదు. నాకింకా పదహారు రోజులే ఉన్నాయి. అతనికి ముందు నలభై ఏళ్ళున్నాయి.

ఎనిమిదిన్నరకు తినేశాను.

పదిహేనో తేదీ తర్వాత రెండూ అతనికే. ఎన్ని రోజులు తిన్నానో అన్ని రోజులు.


2వ తేదీ, మంగళవారం

కొత్త నెల. డబ్బాలో ఇద్దరం మళ్ళీ తొమ్మిదేసి వందలు వేశాం. పోయిన నెలలో మిగిలింది డెబ్భై రెండు. ఇంత మంచి తిండి ఇంత తక్కువలో ఈ కాలేజీలో ఎవరూ తినడం లేదు.

పాఠం మధ్యలో తమ్ముడు కునుకు తీశాడు. మేడమ్ సుద్దముక్క విసిరింది. సరిగ్గా నుదుటికి తగిలింది. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు.


5వ తేదీ, శుక్రవారం

తమ్ముడు దుకాణం నుంచి ముందే వచ్చేశాడు. ఎనిమిదైంది. నేను గిన్నె కడుగుతున్నాను.

"గిన్నెలు నావి కదన్నయ్యా, మీరెందుకు?"

"ఊరికే. నువ్వేంటి అప్పుడే?"

"కళ్ళు తిరిగాయి. సబ్బుల పెట్టె కింద పడేశా. బట్టల సబ్బులైతే ఏం కాకపోను, అవి వాసన సబ్బులు, విరిగి కూర్చున్నాయి. రెండ్రోజుల కూలి కోశాడు. నా ఒళ్ళంతా ఒకటే ఘుమఘుమ, చూడండి."

"నిద్ర చాలడం లేదు నీకు. పెందలాడే పడుకో."

"అంతే అయ్యుంటుంది."

అంతే అయి ఉంటుంది. పందొమ్మిదేళ్ళ వయసులో తెల్లవారుజామున ఐదింటికి లేస్తే ఎవరికైనా అంతే.


9వ తేదీ, మంగళవారం

ఇంకా ఆరు రోజులు. ఇప్పుడు ఆపితే ఇన్నాళ్ళు తిన్నదీ వృథా.


15వ తేదీ, సోమవారం

పన్నెండు పాయింట్ మూడు.

కాగితాన్ని మూడుసార్లు చూశాను. నా పేరే. డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. "చూశావా, తింటే వస్తుంది," అంది.

నా వెనక తమ్ముడు. పదకొండు పాయింట్ రెండు.

ఆవిడ పాత కాగితం తీసి పక్కన పెట్టి చూసింది. "నువ్వేంటయ్యా, అందరూ పైకెక్కుతుంటే నువ్వు కిందికి దిగావు?"

"అన్నయ్యకి దారివ్వాలని పక్కకి తప్పుకున్నా మేడమ్," అంటూ నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగింది. "జాబితాలో ఉండదా మేడమ్ నా పేరు?"

"ఎలా ఉంటుంది? ఆరు నెలలాగు." ఆవిడ ఇద్దరినీ చూసింది. "మీరిద్దరూ ఒకే గదేగా? ఒకే వంటేగా?"

"ఒకే వంట మేడమ్. అన్నయ్యే వండుతారు."

ఆవిడ నావైపు చూసింది. నేను కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆవిడ తర్వాతి పేరు పిలిచింది. బయట ఇంకా ముప్పైమంది వరసలో ఉన్నారు.


16వ తేదీ, మంగళవారం

గ్రంథాలయానికి వెళ్ళాను. రోజుకో గుడ్డు, వారానికి రెండుసార్లు కాస్త లివర్ లేకపోయినంత మాత్రాన ఆరు వారాల్లో ఒక పాయింట్ తగ్గుతుందా అని చూశాను. అలాగని ఎక్కడా లేదు. తగ్గడానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి. నిద్రలేమి. కడుపులో పురుగులు. బరువు మోయడం. ఎదిగే వయసు. జ్వరం వచ్చి పోవడం. యంత్రం తేడా చూపించడం. మందులు.

ఏడు కారణాలు రాసుకున్నాను. ఎనిమిదోదానికి చోటుంది, రాయలేదు.


17వ తేదీ, బుధవారం

తమ్ముడు వాళ్ళక్కతో ఫోన్ మాట్లాడాడు. స్పీకర్ పెట్టాడు. మిషన్ల చప్పుడులో ఆమె గొంతు పెంచి మాట్లాడుతోంది.

"ఆరు నెలలేగా? ఆ ఆరు నెలలూ మధ్యాహ్నంతో పాటు సాయంత్రం షిఫ్టు కూడా తీసుకుంటా. నువ్వేం బెంగపెట్టుకోకు. ఏడుస్తున్నావా?"

"లేదే, జలుబు."

"సన్నాసీ, నీ జలుబు నాకు తెలీదా? అన్నయ్యగారున్నారా పక్కన? ఓసారి ఇవ్వు."

ఫోన్ నా చేతికిచ్చాడు.

"అన్నయ్యగారూ, మీరుండబట్టి ఈమాత్రమన్నా ఉన్నాడు. ఆ క్యాంటీన్ తిండే అయితే తొమ్మిదికో పదికో దిగిపోయేవాడు. మీకు వార్డులో సీటొచ్చిందట కదా, చాలా సంతోషం. వార్డుకెళ్ళినా వాణ్ణి వదిలెయ్యకండి."

"అలాగేనమ్మా," అన్నాను.




18వ తేదీ, గురువారం

తమ్ముడు తెల్లకాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు.

"మీరు ఆరు వారాల్లో రెండు పాయింట్లు పెంచారు. ఏ పూట ఏం తిన్నారో వరసగా రాసివ్వండి. గోడకి అంటిస్తా. ఈ ఆరు నెలలూ అదే తింటాను, మెతుకు తేడా లేకుండా."

మొదట నిజమే రాశాను. 'పొద్దున 7.30: ఉడికించిన గుడ్లు రెండు' అన్న చోట ఆపి, కాగితం చించి, ఇంకొకటి తీసుకున్నాను. ఇద్దరం తిన్నవే రాసిచ్చాను. పప్పు, పాలకూర, వేరుశనగలు.

అతను చదివాడు. మళ్ళీ చదివాడు.

"నేనూ ఇవే తిన్నాగా అన్నయ్యా? మరి నాకెందుకు తగ్గింది?"

"ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కోలా ఉంటుంది."

తల ఊపాడు. నాలుగు మెతుకులు మెదిపి కాగితాన్ని గోడకు అంటించాడు, పొయ్యికి సరిగ్గా ఎదురుగా. తర్వాత చొక్కా ఎత్తి కిటికీ అద్దంలో తన పక్కటెముకలు చూసుకున్నాడు. తన ఒంట్లో ఏ లోపం ఉందా అని.


19వ తేదీ, శుక్రవారం

చెప్పేశాను.

అతను మెట్ల దగ్గర కుళాయి కింద గిన్నెలు తోముతున్నాడు. నేను వెనక నిలబడ్డాను.

"గుడ్లు నేను తిన్నాను," అన్నాను.

"ఏ గుడ్లు?"

"రోజూ తెచ్చినవి. రెండేసి. ఇరవై తొమ్మిది రోజులు. లివర్ ఎనిమిదిసార్లు. డబ్బాలో డబ్బుతోనే."

అతని చెయ్యి ఆగలేదు. గిన్నె లోపల తోమాడు, బయట తోమాడు, అడుగు తోమాడు. కడిగి బోర్లించాడు. ఇంకొకటి తీసుకున్నాడు. నీళ్ళు పొర్లిపోతుంటే కుళాయి కట్టేశాడు.

"అడిగితే ఇచ్చేవాణ్ణిగా అన్నయ్యా."

చేతిలోని గిన్నె కింద పెట్టాడు.

"నాకు పన్నెండుంది, మీకు లేదు, ఇది ఆఖరి అవకాశం అని నాకు తెలీదా? నా గుడ్డు కూడా మీరే తినండి అని నేనే అనేవాణ్ణి. వంద ఎక్కువైతే అక్కని అడిగి నాకింకో రెండు తెప్పించుకునేవాణ్ణి. అంతేగా?"

అంతే. నేను ముప్పై అయిదేళ్ళలో ఎవరినీ ఏదీ అడగలేదు. అడక్కుండానే ఇంతదాకా వచ్చానని గర్వపడేవాణ్ణి. ఆ మాట అతనితో అనలేకపోయాను. ఇక్కడ రాస్తుంటేనే సాకులా ఉంది.

"నా జాబితా..." అన్నాడు. "నిన్న ఇచ్చింది."

"అది అబద్ధం."

తడిచేతులు చొక్కాకు తుడుచుకుని పైకి వెళ్ళాడు. మిగతా గిన్నెలు నేను తోమాను.


20వ తేదీ, శనివారం

ఇరవై తొమ్మిది గుడ్ల డబ్బు, లివర్‌లో సగం, దుకాణంలో కోసిన రెండు రోజుల కూలి, అన్నీ లెక్కకట్టి కవరులో పెట్టి అతని దిండు మీద ఉంచాను. వద్దంటాడనుకున్నాను. నా ఎదురుగానే లెక్కపెట్టుకున్నాడు.

"నాదైతే వదిలేసేవాణ్ణి," అన్నాడు. "ఇది మా అక్కది."

కూలి డబ్బు మాత్రం విడిగా తీసి నా మంచం మీద పెట్టాడు.


21వ తేదీ, ఆదివారం

ఈ నెల కొన్న ఐదుకిలోల పప్పు సంచిలో ఇంకా మూడు కిలోలుంది. మొత్తం తీసుకోమన్నాను. గ్లాసుతో కొలిచి సరిగ్గా సగం తీసుకున్నాడు. చివర్లో ఒక గ్లాసు మిగిలితే దాన్ని కూడా రెండు భాగాలు చేశాడు. క్యాంటీన్‌కు వెళ్ళడట. అంత డబ్బు లేదు. తన వంట తనే చేసుకుంటాడు. పొయ్యి పొద్దున నాకు, తొమ్మిది తర్వాత తనకు.

డీన్ ఆఫీసుకు వెళ్ళి నా పేరు తీసేయమని అడగాలని ఉదయం నుంచి అనుకున్నాను. చొక్కా కూడా వేసుకున్నాను. ఆదివారం మూసి ఉంటుందని తర్వాత గుర్తొచ్చింది. మొదటినుంచీ గుర్తుందేమో. పైగా నేను తప్పుకున్నా ఆ చోటు అతనికి రాదు, అతనికి కావలసింది చోటు కాదు, పాయింట్. ఈ తర్కంలో తప్పు లేదు. తప్పు లేని తర్కాలు ఈ పుస్తకం వెనకపక్క నిండా ఉన్నాయి.


22వ తేదీ, సోమవారం

వార్డులో మొదటిరోజు. తెల్లబట్టలు ఇచ్చారు. ఇదివరకు స్ట్రెచర్ తోస్తూ ఏ తలుపు దగ్గర ఆగిపోయేవాణ్ణో ఇవాళ ఆ తలుపు నాకోసం తెరిచి పట్టుకున్నారు. ఎంతో సంతోషం కలుగుతుందనుకున్నాను.

సాయంత్రం గదికి వచ్చేసరికి తమ్ముడు నేల మీద కూర్చుని ఉన్నాడు. అన్నం మాడిన వాసన. గోడ మీద కాగితం లేదు, మెతుకుల మచ్చలు నాలుగు ఉన్నాయి. అతని చేతిలో కొత్త కాగితం, పెన్ను.

"ఆకుకూరలావిడ ఎన్నింటికి మూసేస్తుంది?" అని అడిగాడు. నావైపు చూడలేదు.

"ఒంటిగంటకి. పది నిమిషాల ముందు వెళ్ళు. ముందు రెండు కట్టలు అడుగు, మూడోది తనే ఇస్తుంది."

రాసుకున్నాడు.

"పప్పు?"

"చివరి వీధిలో గిడ్డంగి. విరిగిన పప్పు అని అడగాలి, లేకపోతే చూపించరు. ఒక్కడికి ఐదు కిలోలు పాడవుతాయి, రెండు తీసుకో. ధర కొంచెం ఎక్కువ పడుతుంది." ఇద్దరికైతే అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. "లివర్ మంగళవారం, శుక్రవారం తీసుకో. పిల్లికా అని అడుగుతాడు. కాదు నాకే అని చెప్పు. మాత్రలు డాక్టరమ్మ నీకూ ఇస్తుంది, వెళ్ళి అడుగు. టీతో వేసుకోకు, నీళ్ళతో వేసుకో."

అన్నీ రాసుకున్నాడు. చేతిరాత గుండ్రంగా, చిన్నపిల్లల రాతలా ఉంటుంది.

"గుడ్లు?"

చిట్లిన గుడ్ల దుకాణం ఎక్కడుందో, ఏడింటికి ఏ తలుపు దగ్గర నిలబడాలో, ఎవరిని అడగాలో చెప్పాను. తను ఆ వేళకు పనిలో ఉంటాడు కదా, కావాలంటే నేను తెచ్చి పెడతానన్నాను.

పెన్ను మూత పెట్టాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"వద్దులెండి. మా షాపులో అడిగి ఏడింటికి ఓ అరగంట బయటికొస్తాను," అన్నాడు. లేచి మాడిన గిన్నె తీసుకుని తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"చాలా థాంక్సండీ."